సమాన ఆశ్చర్య శాఖ

మనిషి మొట్టమొదటిసారి ఆకాశంలోకి వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చిన రోజున కొత్తరేవు పట్టణం ముక్కున వేలేసుకుంది.

అందులో వింతేమీ లేదు. కొత్తరేవులో ఆడా మగా తేడా లేకుండా దేనికైనా ముక్కున వేలేసుకుంటారు. కిరాణా కొట్టులో కందిపప్పు ధర తగ్గితే వేసుకుంటారు. పండక్కి వచ్చిన అల్లుడు తనంతట తాను తిరుగు ప్రయాణం కట్టినా వేసుకుంటారు. చూపుడువేలు ముక్కు పక్కన ఆన్చి, తల కాస్త వాల్చి, "చోద్యం కాకపోతే ఏవిటి" అనేసి మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడతారు. ఆ రోజు మాత్రం వేలు దించడం ఆలస్యమైంది. కొంప మునిగింది అక్కడే.

మనిషిని పంపింది తూర్పు దేశం. సరిగ్గా ఆ పూటే పడమటి దేశపు రాయబార కార్యాలయంలో పనిచేసే ఒక దొర మామిడితాండ్ర కోసం బజారులో కారు ఆపాడు. బజారు బజారంతా ముక్కు మీద వేలుతో నిలబడి ఉంది. తాండ్ర తూచే మనిషి కూడా ఒంటిచేత్తోనే తూశాడు. దొర తాండ్ర పుచ్చుకుని వెళ్ళి తన పైవాళ్ళకి రాశాడు. వాళ్ళు మన పైవాళ్ళకి రాశారు. మీ దేశం ఎవరి పక్షమూ కాదని నమ్మి ఉన్నాం, మరి ఈ ముక్కుల సంగతేమిటని దాని సారాంశం.

మన పైవాళ్ళకి చెమటలు పట్టాయి. ఎవరి పక్షమూ కాని దేశం ఎవరి వంకా ఎక్కువగా ఆశ్చర్యపోకూడదు కదా. తూర్పుకి ఎంతో పడమరకీ అంతే. ఆ లెక్కన సమాన ఆశ్చర్య శాఖ పుట్టింది. తప్పు కొత్తరేవులో జరిగింది కాబట్టి మొదటి కార్యాలయం కొత్తరేవులోనే పెట్టారు. రేవు దగ్గర వాడకుండా పడి ఉన్న ఉప్పు కొఠారు ఒకటి దొరికింది. గోడలు ఏడాది పొడుగునా చెమ్మగిల్లేవి. ఫైళ్ళు నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉండేవి.

ఆ శాఖకి నిపుణుడు కావాలన్నారు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే వేదాద్రి మీద ఆ వేటు పడింది. అతను పదేళ్ళు కూర్చుని "ఆశ్చర్య సమయంలో మనస్సు" అని ఒక పరిశోధన రాశాడు. దాన్ని ఎవరో చదివారన్న సంతోషంతో డిప్యుటేషన్ కాగితం అందుకుని ఉప్పు కొఠారులో అడుగుపెట్టాడు. వాళ్ళు అట్ట వరకే చదివారని అక్కడికెళ్ళాక తెలిసింది.

నిజానికి వేదాద్రి ఎప్పుడూ ఆశ్చర్యపడి ఎరగడు. చిన్నతనం నుంచీ అతనికదొక అవస్థ. మనసులో ఏదైనా కదిలితే, అది కదులుతోందని ముందు తెలిసిపోయేది. ఏమిటా అని తొంగిచూసేవాడు. పాలగిన్నె దగ్గరకొచ్చిన పిల్లి తలుపు చప్పుడుకి పారిపోయినట్టు అది కాస్తా పారిపోయేది. పెళ్ళిచూపుల్లో తన గుండె ఏ వరసన కొట్టుకుంటోందో వింటూ కూర్చుని అమ్మాయి ముఖం చూడటం మరిచిపోయాడు. ఆ సంబంధం తప్పిపోయింది. తక్కిన సంబంధాలు వాటంతట అవే తప్పిపోయాయి. ఆశ్చర్యం మీద అంత పుస్తకం రాయడానికి కారణం కూడా, తనకి లేనిదేమిటో కనీసం తెలుసుకుందామనే.

ఉన్నది వాళ్ళక్క దగ్గర. ఇందుమతి మునిసిపల్ బాలికల హైస్కూల్లో సైన్సు టీచరు. చిన్నవయసులోనే భర్త పోతే, ఉద్యోగం చూసుకుని, తమ్ముణ్ణి తనే చదివించి ఇంతవాణ్ణి చేసింది. ఆవిడకి ఆశ్చర్యం ఊపిరి పీల్చినంత తేలిక. "ఒరే వేదం, ఈ బీరకాయ తొక్క మీద గీతలు చూశావా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు లేవూ" అనేది చారు వడ్డిస్తూ. వేదాద్రి గీతలు చూసేవాడు కాదు, ఆవిడ ముఖం చూసేవాడు. ఆవిడ వండింది తిన్నట్టే ఆవిడ ఆశ్చర్యంలో కూడా ఒక ముద్ద తిని కాలేజీకి వెళ్ళేవాడు. అదే అతని భోజనం.

శాఖకి స్పెషలాఫీసరు పానకాలరావుగారు. అంతకుముందు తూనికలు కొలతల శాఖలో ఇరవయ్యేళ్ళు పనిచేసి, జిల్లాలో తప్పుడు తూకంరాయి అన్నది లేకుండా చేసిన మనిషి.

"చూడండి లెక్చరరు గారూ," అన్నాడాయన మొదటి రోజున. "ఆశ్చర్యం జాతీయ సంపద. గనులు, అడవులు, నదులు ఎలాంటివో ఇదీ అలాంటిదే. ఎవడికి తోచినంత వాడు తవ్వుకుపోతుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. ముందు దాన్ని కొలవాలి."

"ఎలా కొలుస్తారండీ?"

"మీ రిసెర్చిలో లేదూ?"

"ఆశ్చర్యం కలిగిన క్షణంలో మనిషి తనని తాను మరిచిపోతాడని రాశానండి."

పానకాలరావుగారు జాలిగా చూశాడు. "మరుపు కొలతకి రాదండీ. వేలు వస్తుంది."

ఆ విధంగా చూపుడువేలు ముక్కుకి ఆనినప్పటి నుంచి దిగేవరకూ పట్టే కాలం అధికారిక కొలత అయింది. హెడ్డు గుమాస్తా భద్రాచలం అనుభవజ్ఞుడు. దూరం నుంచి కూడా లెక్క తెలియడానికి తూర్పు దేశానికి కుడి చెయ్యి, పడమటి దేశానికి ఎడమ చెయ్యి వాడితే సరిపోతుందన్నాడు. అందరికీ నచ్చింది. నెల తిరక్కుండా పడమటివాళ్ళ నుంచి ఘాటుగా జాబు వచ్చింది. ఈ దేశంలో ఎడమచేతిని వేటికి వాడతారో వాళ్ళకి ఎవరో చెప్పేశారు. ఎడమచెయ్యి గుండెకి దగ్గర కాబట్టి అది అదనపు గౌరవమని పానకాలరావుగారు జవాబు తయారుచేశాడు గానీ పైవాళ్ళు దాన్ని పోనివ్వలేదు. రెండు దేశాలకీ కుడిచెయ్యే అన్నారు.

ఈలోగా పడమటి దేశం కూడా ఒక మనిషిని పంపింది. తూర్పు మనిషి భూమి చుట్టూ తిరిగి వచ్చాడు. ఇతను మాత్రం నిటారుగా పైకెళ్ళి, కాసేపట్లో సముద్రంలో దిగాడు. కొత్తరేవులో ఒక్క వేలూ లేవలేదు.

"ఎక్కి దిగాడా? ఓస్," అంది కుళాయి దగ్గర ఒకావిడ, భద్రాచలం సైకిలు దిగి ఎంత ఆశ్చర్యపడ్డారమ్మా అని అడిగితే. "మా మరిది రోజూ కొబ్బరిచెట్టెక్కి దిగుతాడు. ఆయనకెవరూ దండెయ్యలేదు."

"మీ మరిది ఏ దేశం తరఫున ఎక్కుతున్నాడు?" అన్నాడు భద్రాచలం కోపంగా.

"కాయకింతని ఎక్కుతాడయ్యా. దేశం ఎవడిక్కావాలి, నీ సైకిలు అడ్డం తియ్యి."

పానకాలరావుగారికి నిద్ర కరువైంది. ఎక్కి తిరిగినవాడూ, ఎక్కి దిగినవాడూ ప్రభుత్వం దృష్టిలో సమానమేనని ఉత్తర్వు జారీ చేశాడు. లోటు పూడ్చడానికి ఒక తేదీ పెట్టి, జట్కాకి మైకు కట్టించి ఊరంతా చాటించాడు. సైరన్ మోగగానే అందరూ ఉన్నవారున్నచోట వేలు ముక్కున ఆన్చి పడమటి దేశం గురించి ఆశ్చర్యపడాలి, రెండో సైరన్ దాకా దించరాదు.

ఆ రోజు మంగలి సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేశాడు. సైకిలు మీద పోతున్నవాళ్ళు ఒంటిచేత్తో నడిపి కాలవలో దిగారు. జలుబు చేసినవాళ్ళు గాలాడక అల్లాడారు. వాళ్ళ కళ్ళు పెద్దవై నీళ్ళు కారడం చూసి భద్రాచలం ప్రథమశ్రేణి వేశాడు. వేదాద్రి పని వీధివీధీ తిరిగి, ఆశ్చర్యం నిజమైనదేనని నిపుణుడి హోదాలో ధ్రువీకరించడం. అతను ముఖాలు చూశాడు. భయం ఉంది, విసుగుంది, పొయ్యి మీద ఏదో మాడుతోందన్న బెంగ ఉంది. సంతకం పెట్టేటప్పుడు తనకి సిగ్గు వేస్తోందా అని లోపలికి చూసుకున్నాడు. వేస్తోంది. చూడగానే అదీ పోయింది. సంతకం పెట్టేశాడు.

ఆ ఏడాది చలికాలంలో పడమటి దేశం ఒక కోతిని పంపింది. అది భూమి చుట్టూ తిరిగి ప్రాణాలతో దిగింది. ఈసారి సైరన్ అవసరం రాలేదు. కోతి ఆకాశాన ఎగిరి రావడం కొత్తరేవుకి అర్థమయ్యే విషయం. ఆంజనేయస్వామి గుడి ముందు ఒక్కపూటలో కొట్టిన కొబ్బరికాయలకి నేల కనిపించలేదు. పత్రికలో పడ్డ కోతి బొమ్మకి సిందూరం పూసి ఆకుపూజ చేయించారు. పడమటి దేశం పద్దు చూస్తుండగా పొంగిపోయింది.

"తూర్పుకి అన్యాయం జరిగిపోతోంది," అన్నాడు పానకాలరావుగారు తల పట్టుకుని. "వాళ్ళేం జంతువుని పంపారు?"

"కుక్కనండీ. చాలా ముందే పంపారు," అన్నాడు భద్రాచలం. "పాపం, తిరిగి రాలేదు."

"రాకపోతేనేం, వెళ్ళింది కదా. కోతికి జరిగినదంతా కుక్కకీ జరగాలి."

కుక్కకి కొబ్బరికాయ కొట్టడమేమిటని ఊరు గొణిగింది. గుడి పూజారిని పిలిపించారు. ఆయన పంచె సర్దుకుని, కుక్క కాలభైరవుడి వాహనం కనుక దోషం లేదన్నాడు. శాస్త్రమే ఒప్పుకున్నాక అడ్డేముంది? మునిసిపాలిటీ కుక్కల బండి ఆగిపోయింది. వీధికుక్కల మెళ్ళో బంతిపూల దండలు పడ్డాయి. మొదట్లో అవి పారిపోయాయి. తర్వాత తమ హోదా తెలుసుకుని బజారుకి అడ్డంగా పడుకోవడం మొదలుపెట్టాయి. దండ వేయబోయిన భద్రాచలాన్ని ఒకటి కరిచింది. బొడ్డు చుట్టూ సూదిమందు పొడిపించుకుంటూ కూడా ఆయన "తూర్పు తరఫున రాసుకోండి" అన్నాడని శాఖలో గర్వంగా చెప్పుకున్నారు.

ఇంటికొచ్చి వేదాద్రి ఇవన్నీ చెబితే ఇందుమతి కడుపుబ్బ నవ్వేది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగి, "అది సరేరా, ఆ కుక్క కిటికీలోంచి చూసిందంటావా?" అనేది. "అంత నల్లగా ఉంటే దానికేమనిపించిందో." అప్పుడు వేదాద్రి అన్నం కలపడం ఆపి అక్క ముఖం వంక చూసేవాడు. శాఖ మొత్తం మీద అతని కడుపు నింపినది ఆ మాటే.

అలా ఒక ఏడాదిన్నర గడిచింది. తూర్పొకటి, పడమరొకటి పైకి విసురుతూనే ఉన్నాయి. ఉప్పు కొఠారు లెక్క సరిచేస్తూనే ఉంది. అప్పుడు తూర్పు దేశం ఒక ఆడమనిషిని పంపింది.

బళ్ళు తెరిచిన కొత్త రోజులు. ఎనిమిదో తరగతికి ఇందుమతి పాఠం చెబుతుండగా పక్క గదిలోంచి పంతులమ్మ వచ్చి వార్త చెప్పి వెళ్ళింది. ఇందుమతి చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఆవిడ మెల్లగా కిటికీ దగ్గరికి నడిచి, కమ్మీలు పట్టుకుని, పైకి చూస్తూ నిలబడిపోయింది. ముక్కున వేలు వేసుకోలేదు. కళ్ళు తుడుచుకోలేదు. పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆవిడ వెనక్కి వచ్చి నిలబడ్డారు. గంట కొట్టారు. ఎవరూ కదలలేదు. తర్వాతి పీరియడు లెక్కల మాస్టారు వచ్చి, ఏం జరిగిందో తెలియక, తనూ వాళ్ళ వెనక నిలబడి పైకి చూశాడట.

అదంతా తనిఖీకొచ్చిన భద్రాచలం వరండాలోంచి చూశాడు. మర్నాడు ఇందుమతికి అభియోగపత్రం వచ్చింది. "సదరు ఉపాధ్యాయిని, తరగతి జరుగుచుండగా, ఆమోదిత నాసికాంగుళి ముద్ర లేకయే, కొలతకు లొంగని రీతిని, తూర్పు దేశమునకు అనుకూలముగా ఆశ్చర్యపడుటయే గాక, మైనరు బాలికలను కూడ అందు భాగస్వాములను గావించెను. పడమటి దేశమునకు స్త్రీని పంపు ఉద్దేశము ప్రస్తుతము లేనందున ఇట్టి లోటు పూడ్చ వీలులేనిది." విచారణ తేలేదాకా బడి గడప తొక్కకూడదన్నారు. తేలి, తప్పని తేలితే, శాశ్వతంగా తొక్కకూడదు.

పానకాలరావుగారు చెడ్డవాడు కాడు. వేదాద్రిని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ అక్కగారని నాకు తెలుసు. అందుకే మార్గం చెబుతున్నా. అది ఆశ్చర్యం కాదు, మూర్ఛ లాంటిది, స్త్రీలలో కనిపించే మనోవికారం అని మీరొక సర్టిఫికెట్టు రాయండి. పద్దులోంచి మొత్తం కొట్టేస్తాం. జీతం నిలుస్తుంది."

"బడి?"

"మనోవికారం ఉన్నావిడని పిల్లల మధ్య ఎలా వదుల్తామండీ? స్టోరు రూములో వేస్తాం."

ఆ మధ్యాహ్నం వేదాద్రి ఇంటికి వచ్చేసరికి ఇందుమతి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. విషయం చెప్పాడు.

"మూర్ఛా?" అంది ఆవిడ, చీర దులుపుతూ. "మూర్ఛయితే పడిపోవాలి కదరా. నేను నిలబడ్డాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ నిలబడలేదు."

"పోనీ, కంట్లో నలుసు పడిందని నువ్వే రాసిస్తే..."

"వేదం." ఆవిడ చీర తీగమీద వదిలేసి అతని వైపు తిరిగింది. "ఆశ్చర్యం వేసింది. వేయలేదని సంతకం పెడితే, రేపు ఏ మొహంతో ఆ పిల్లలకి పాఠం చెప్పను? పోనీ, పడమటాయన ఎక్కి దిగినప్పుడు కూడా నాకు అంతే వేసింది. వంటింట్లో ఉన్నాను, పులుసు పొంగిపోయింది. నీకు గుర్తులేదూ, ఆ పూట మజ్జిగన్నం తిన్నావు."

"అది చెబుదామా?"

చెప్పారు. వంటింటి ఆశ్చర్యాలు శాఖ పరిధిలోకి రావని జవాబు వచ్చింది.

విచారణ ఉప్పు కొఠారులోనే పెట్టారు. పానకాలరావుగారు బల్ల వెనక, భద్రాచలం పక్కన. ఎదురుగా ముక్కాలిపీట మీద ఇందుమతి, ఒళ్ళో గొడుగు పెట్టుకుని, బడి తనిఖీకి వచ్చినదానిలా కూర్చుంది. నిపుణుడి అభిప్రాయం అడిగారు. వేదాద్రి లేచాడు. జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి మూర్ఛ సర్టిఫికెట్టు. రెండోది ఖాళీది. అతను ఏదీ తీయలేదు. తనకి తెలిసిన ఒకే ఒక్క సత్యాన్ని చెప్పాడు.

"ఆశ్చర్యంలో మనిషి తనని తాను మరిచిపోతాడండి. తనే లేనప్పుడు తన పక్షం ఎక్కడుంటుంది? ఆ గంటసేపు ఆవిడ తూర్పునా లేదు, పడమరా లేదు. మన పట్టణంలో ముక్కున వేలేసుకున్నవాళ్ళంతా ఏ దేశానికి వేసుకుంటున్నారో గుర్తు పెట్టుకుని వేసుకున్నారు. వాళ్ళది పక్షపాతం. పక్షం లేకుండా ఆశ్చర్యపడింది ఈవిడొక్కతే."

పానకాలరావుగారి ముఖంలో ఏదో వెలిగింది. ఆయన కుర్చీలోంచి లేచి, ఇందుమతి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"అంటే ఈవిడ ప్రమాణం," అన్నాడు. "లెక్చరరు గారూ, నేను ఇరవయ్యేళ్ళు తూనికల్లో ఉన్నాను. జిల్లాలోని తూకంరాళ్ళన్నిటికీ మూలమైన రాయి ఒకటి మా ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉంటుంది. దానితో ఎవరూ పప్పులు తూచరు. దాన్ని బట్టే తక్కినవన్నీ. అలాంటి మనిషి మన పట్టణంలో దొరుకుతుందని నేను అనుకోలేదు."

"అయితే అభియోగం కొట్టేసినట్టేనాండీ?" అన్నాడు వేదాద్రి.

"అభియోగమా? ఈవిడ తప్పు చేయగలిగితే కదా. రేపటి నుంచి పట్టణ ప్రజలందరి తరఫునా ఈవిడే ఆశ్చర్యపడతారు. జనానికి వేలు అక్కర్లేదు, సైరన్లు అక్కర్లేదు."

"మరి బడికి ఎప్పుడు వెళ్ళమంటారు?" అంది ఇందుమతి.

పానకాలరావుగారు నొచ్చుకున్నాడు. "అమ్మా, ప్రమాణం బజార్లో తిరగకూడదు. పిల్లల చేతుల్లో పడితే అరిగిపోతుంది."

వేదాద్రి బతుకంతా కూడబెట్టుకున్న ఒక్క నిజాన్నీ ఖర్చుపెట్టి, అక్క జీతం నిలబెట్టి, బడి పోగొట్టాడు.

మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే రిక్షాలో ఉప్పు కొఠారుకి వెళ్ళసాగారు. ఇందుమతికి అద్దాల తలుపున్న గది ఇచ్చారు. కిటికీ మూయించారు, ఊరికే ఆకాశం చూసి ఆశ్చర్యపడితే అది ఏ దేశానికి రాయాలో తెలియదని. పైనుంచి వచ్చిన వార్తలు ఫైల్లో పెట్టి ఆవిడ ముందు ఉంచేవారు. ఆవిడ చదివి ఆశ్చర్యపడి సంతకం చేయాలి. మొదటి ఫైలు చదివి ఆవిడ "అబ్బ" అంది. భద్రాచలం దాన్ని రాసుకుని, "ఇంకొక కాపీ కావాలండీ, పై ఆఫీసుకి" అన్నాడు. ఆవిడ ఇంకోసారి అంది. మూడోది మూలప్రతికి.

తర్వాత ఇంకొక ఉత్తర్వు వచ్చింది. ప్రమాణాన్ని ఆఫీసు వేళలు దాటాక సొంత పనులకి వాడుకోవడం ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం కిందికి వస్తుంది. ఇందుమతి దాన్ని చదివి నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు సాగలేదు. క్రమంగా బీరకాయ బీరకాయే అయింది. వానపడితే తడిసిన బట్టలు లోపలికి తెచ్చేది, అంతే. పీట మీద కూర్చున్న వేదాద్రి ముందు అన్నీ ఉండేవి, పప్పు, కూర, పచ్చడి. తిన్నా ఆకలి తీరేది కాదు. అక్క ముఖం చూడటానికి భయమేసి కంచంలోకి చూస్తూ తినేవాడు.

పట్టణం మాత్రం హాయిగా ఉంది. ఆశ్చర్యపడే బాధ్యత పోయాక ఆకాశంలో ఏం జరిగినా ఎవరూ తల ఎత్తడం మానేశారు. బడిలో పిల్లలు అడిగితే, దాని సంగతి ఆఫీసులో చూసుకుంటున్నారు, మీరు ఎక్కాలు చెప్పండి అనేవారు.

రెండో వేసవి ముంచుకొస్తుండగా ఒక పూట పానకాలరావుగారు తానే స్వయంగా టెలిగ్రాం పట్టుకుని అద్దాల గదిలోకి వచ్చాడు. వెనకే వేదాద్రి, భద్రాచలం.

"అమ్మా, చాలా పెద్దది. తూర్పువాళ్ళది. చదివి సంతకం చేయండి. పైనుంచి తొందరపెడుతున్నారు."

ఇందుమతి చదివింది. మళ్ళీ చదివింది. కాగితం బల్ల మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకేం అనిపించట్లేదండీ," అంది.

"నిదానంగా ప్రయత్నించండి."

"ప్రయత్నించాను." ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. ఆ ముఖం వేదాద్రికి బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసుకునేదే. "ఒరే వేదం, నేను ఇన్నాళ్ళూ చదివి ఆశ్చర్యపడలేదురా. ఎవరికో ఒకరికి చెబుతూ ఆశ్చర్యపడ్డాను. ఇక్కడ చెప్పడానికి ఎవరూ లేరు. నువ్వు చెప్పు, విందాం."

"ఏం చెప్పను?"

"ఇందులో ఉన్నదే. నేను నీకు చెప్పినట్టు చెప్పు."

వేదాద్రి టెలిగ్రాం అందుకున్నాడు. అక్క కోసం ఒక్కసారి, అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఇద్దరు పైకెళ్ళారట. వెళ్ళాక... వాళ్ళలో ఒకాయన తలుపు తీసుకుని బయటికి వచ్చాడట."

"బయటికంటే?"

"బయటికే. బయట ఏమీ లేదు. నేల లేదు, గాలి లేదు. పట్టుకోవడానికి గోడ లేదు. ఒక తాడు ఉందంతే. కింద భూమి... కింద అని కూడా అనడానికి లేదక్కా, అక్కడ కింద ఎక్కడుంది? అంతా అలా తిరుగుతోంది, సముద్రాలూ, మబ్బులూ, మనమూ. మనం ఈ గదిలో కూర్చునుంటే మన మీదుగా ఒక మనిషి, ఇంట్లోంచి వాకిట్లోకి వచ్చినట్టు..."

అతను ఆగిపోయాడు. టెలిగ్రాం చేతిలోంచి జారిపోయింది. అతను గోడ వైపు చూస్తున్నాడు, కిటికీ మూసేసిన చోటు వైపు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పానకాలరావుగారు రెండుసార్లు పిలిచాడు. వినిపించినట్టు లేదు. ఇందుమతి లేచి తమ్ముడి దగ్గరగా వచ్చి, కాయగూరని చూసినంత శ్రద్ధగా అతని ముఖం చూసి, చిన్నగా నవ్వడం మొదలుపెట్టింది.

"రాసుకోవయ్యా భద్రాచలం," అన్నాడు పానకాలరావుగారు నీరసంగా కుర్చీలో కూలబడి. "అనుమతి లేని మనిషి, ఆఫీసు ఆవరణలో, తూర్పు దేశం తరఫున."

వారం తిరిగేసరికి ఇంటికి రెండు కవర్లు వచ్చాయి. మొదటి దాని ప్రకారం, ప్రమాణముగా నియమితురాలైన ఇందుమతి ఆశ్చర్యపడు సామర్థ్యమును కోల్పోయినందున, అరిగిన తూకంరాయిని మార్చు పద్ధతిని అనుసరించి, ఆమెను తిరిగి బాలికల హైస్కూలుకు పంపివేయడమైనది. పిల్లలకు ఆమె వలన ఇక ప్రమాదము లేదు. రెండో దాని ప్రకారం, వేదాద్రి సస్పెండు.

ఇందుమతి పొయ్యి ముందు కూర్చుని రెండూ పైకి చదివింది. రెండోది చదవడం పూర్తయ్యాక అడిగింది.

"ఆ పూట ఏమైందిరా నీకు? లోపల ఎలా ఉండింది?"

వేదాద్రి ఆలోచించాడు. "తెలీదక్కా. చూసుకోలేదు."

"పనేం లేదుగా ఇంక నీకు. రేపు నాతో బడికి రా. ఆ వాకిట్లోకొచ్చినాయన సంగతి పిల్లలకి ఎవరూ చెప్పలేదట. నువ్వు చెప్పు."

వెళ్ళాడు. మునుపటి ఎనిమిదో తరగతి పిల్లలు ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి, కాలేజీలో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టబోయి, అది కుదరక, "ఒకాయన తలుపు తీశాడు" అన్నాడు. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. ఇందుమతి వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చుని వింది. చెప్పడం అయిపోయాక ఏ దేశం వాడని ఒక్కరూ అడగలేదు.

చివరికి గోడ పక్కనున్న సన్నటి పిల్ల ఒకతి లేచింది. "మాస్టారండీ, ఆయన బయటికొచ్చాక, లోపలున్నాయన తలుపేసుకున్నాడాండీ, లేకపోతే తీసే ఉంచాడా?"

"తీసుంచితే లోపలి గాలంతా పోదుటే?" అంది ముందు బెంచీ పిల్ల.

"వేసేస్తే, ఆయన కొట్టినా వినపడదుగా. అక్కడ గాలే లేదన్నారుగా మాస్టారు."

"మరి ఎలా పిలిచాడు?"

అందరూ వేదాద్రి వైపు చూశారు. అతను వెనక బెంచీ వైపు చూశాడు. ఇందుమతి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, అందరితో పాటే జవాబు కోసం ఎదురుచూస్తోంది.